ఓబులరెడ్డి సగంలో వదిలిన బండి

కర్నూలులో మా ఇంటి ముందు ఏనాడూ బోర్డు లేదు. షెడ్డు కూడా లేదు. నా పనంతా ఇతరుల ఇళ్లలోనే జరిగింది. పాత జర్మన్ కార్లు, అందులోనూ వేగం కోసం తయారైన ఆరు సిలిండర్ల రకం, ఎవరింట్లో ఉంటే ఆ ఇంటికి పానాల పెట్టె పట్టుకుని పోవడం, అక్కడే నేలమీద కూర్చుని బాగుచేసి రావడం. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప, వేంపల్లె. ఈ ఊళ్లలో అలాంటి కార్లు ఎవరికున్నాయని మీరు అడగొచ్చు. కాంట్రాక్టర్లు, తోటల రైతులు, డాక్టర్లు బెంగళూరులో ఏళ్ల తరబడి తిరిగిన బండిని మోజుపడి కొనుక్కొస్తారు. తెచ్చిన కొన్నాళ్లకు అది ఎక్కడో ఒకచోట ఆగుతుంది. కంపెనీ వర్క్‌షాపు పెద్ద పట్నంలో ఉంటుంది. అంత పాత బండిని వాళ్లు ముట్టుకోరు. అప్పుడు ఎవరో ఒకరు నా పేరు చెబుతారు. "కర్నూల్లో మస్తానని ఉండాడు, ఆయప్పను పిలిపిచ్చుకోండి" అని.

ఇప్పుడు పని మానేశాను. మోకాళ్లు నేలమీద కూర్చోనివ్వడం లేదు. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారని విన్నాను, సంతోషం. లాప్‌టాప్ తగిలించి లోపం చదవడం వాళ్లకు నాకంటే బాగా వచ్చు. ఏ బోల్టు ఎంత బిగించాలో ఫోనులో దొరుకుతుంది. వాళ్లకు నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. ఒక్క భయం గురించి మాత్రం చెప్పగలను. ఈ పనిలో ఉన్నన్నాళ్లూ నేను భయపడుతూనే ఉన్నాను. అది తగ్గాలని మొదట్లో కోరుకున్నాను. తర్వాత అలా కోరుకోవడం మానేశాను.

కులకర్ణి సార్

బెంగళూరులో నేను పని నేర్చుకున్న వర్క్‌షాపుకు కులకర్ణి సార్ పెద్ద. బ్రేకులు విప్పిన ప్రతి బండినీ అప్పగించే ముందు ఆయనే తీసుకుని బయటికి పోయేవాడు. తిరిగొచ్చాక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒక్కో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, అరచేయి దగ్గరగా పెట్టి వేడి చూసేవాడు. నాలుగూ ఒకేలా ఉంటేనే తాళం ఇచ్చేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "పని చేసింది మేమే కదా సార్. మామీద నమ్మకం లేదా?"

ఆయన ఏమీ కోపం తెచ్చుకోలేదు. "నాకు భయం మస్తాన్. భయంతోటి ఇంట్లో అన్నం తినలేను. అందుకే పోయొస్తా. నీకు భయం లేకపోతే చెప్పు, ఇంజిన్ పని ఇస్తా, బ్రేకులు ముట్టుకోవద్దు" అన్నాడు.

ఆ తర్వాత హైదరాబాదులో ఇంకో పెద్దాయన కింద కొంతకాలం చేశాను. చురుకైన మనిషి, మాట మంచిది, పండగలకు అందరికీ బిర్యానీ పెట్టేవాడు. కానీ బండి బయటికి తోలి చూడకుండానే అప్పగించేవాడు. "లాప్‌టాప్‌లో లోపం లేదంటోంది కదా" అనేవాడు. ఆయన చేతిలో ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా నాకు అక్కడ నిద్ర పట్టేది కాదు. రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపిస్తే ఆరోజు పోయిన బండ్లన్నీ వరసగా గుర్తొచ్చేవి. మానేసి కర్నూలు వచ్చేశాను. మీలో ఎవరికైనా అలాంటి యజమాని దొరికితే, బిర్యానీ తిని వచ్చేయండి.

ఆదోని ఎలుకలు

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు నడిపే ఒకాయన తన కారును బేళ్ల గోడౌనులో పెట్టేవాడు. ఎండ తగలదని, దుమ్ము పడదని. స్టార్ట్ కావడం లేదని పిలిస్తే వెళ్లాను. బానెట్ ఎత్తితే ఇంజిన్ మీద దూదితో కట్టిన ఎలుకల గూడు ఉంది. తీగల మీది పూత కొరికేసి, రాగి బయటపడి ఉంది. చుట్టూ ఎటు చూసినా పత్తి బేళ్లు.

"ఏమప్పా, ఒక్కసారి తాళం తిప్పి సూద్దామా, యాడన్నా పట్టుకుంటాదేమో" అంటూ ఆయన సీట్లో కూర్చోబోయాడు.

చేయి అడ్డం పెట్టి, ముందు బ్యాటరీ తీగ ఊడదీశాను. మనుషులను పిలిపించి బండిని బయటి ఆవరణలోకి నెట్టించాను. ఆయనకు కాస్త విసుగొచ్చింది. బయట, తెగిన తీగలు ఇంకా చూస్తుండగానే, ఆయనకు చూపిద్దామని ఒక్క క్షణం బ్యాటరీ తీగ తాకించాను. స్టార్టరు దగ్గర చిటుక్కుమని నీలం నిప్పురవ్వ ఎగిరింది. ఆయన వెనక్కి తిరిగి గోడౌను తలుపులకేసి చూశాడు. లోపల హమాలీలు నడుం వాల్చి ఉన్నారు. ఆయన అలాగే నేలమీద కూలబడ్డాడు.

ఇలాంటివి ఇంకా చెప్పగలను. కానీ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేంపల్లె సంగతి.

మాట పోయిన మనిషి

వేంపల్లె నుంచి రమణమ్మ ఫోను చేసినప్పుడు నేను వద్దనడానికే సిద్ధంగా ఉన్నాను. "అన్నా, మా ఆయనకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. బండి ఇప్పి పెట్టిండాడు. బిగిచ్చేవాళ్లు ల్యారు. నువ్వు ఒక్కసారొచ్చి సూడు" అంది.

ఒకరు విప్పిన బండిని ఇంకొకరు బిగించడం ఈ వృత్తిలో అన్నిటికంటే చెడ్డ పని. ఏది గట్టిగా ఉంది, ఏది చేతితో తిప్పి వదిలేశారు, ఏది మళ్లీ చూద్దామని పక్కన పెట్టారు, ఇవన్నీ విప్పిన మనిషి తలలోనే ఉంటాయి. ఇక్కడ ఆ మనిషి చెప్పలేడు. పోయి చూసి, మర్యాదగా కాదని వచ్చేద్దామనుకున్నాను.

ఊరి బయట చీనీ తోట, అంటే బత్తాయి తోట, తోట మధ్యలో ఇల్లు, పక్కన మందు కొట్టే మిషన్లు పెట్టుకునే రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ముదురు నీలం రంగు బండి ఉంది. ముక్కు విప్పేసి ఉంది. పానాలు గోడకు సైజుల ప్రకారం తగిలించి ఉన్నాయి. బోల్టులు పెరుగు డబ్బాల్లో వేరువేరుగా ఉన్నాయి. రమణమ్మ భర్త ఓబులరెడ్డి చీనీ రైతు, ఏ వర్క్‌షాపులోనూ పని చేసినవాడు కాదు. కానీ ఆ షెడ్డు చూడగానే ఇది తెలిసిన చేయి అని నాకు అర్థమైంది. వీడియోలు చూసి, ఇంగ్లీషు మాన్యువల్ తెప్పించుకుని చదివి, ఆరేడేళ్లుగా ఆ బండిని తనే చూసుకుంటున్నాడట. అంతకు ముందు వేసవిలో రేడియేటరు ప్లాస్టిక్ మెడ పగిలి, ఇంజిన్ కాగి, పై భాగం వంగిపోయింది. దాన్ని విప్పి కడపలో సాపు చేయించి తెచ్చి మళ్లీ కూర్చోబెట్టాడు. ఏదో సామాను బెంగళూరు నుంచి రావలసి ఉంటే, ఆ లోపల బ్రేకుల పని పట్టుకున్నాడు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున బండి పక్కన పడిపోయి కనిపించాడు.

ఇప్పుడు అతను చక్రాల కుర్చీలో ఉన్నాడు. కుడి చేయి ఒళ్లో పడి ఉంది. నన్ను చూడగానే ఎడమ చేయి ఎత్తి, "గడె" అన్నాడు. మళ్లీ గట్టిగా, "గడె, గడె."

"పడినప్పట్నుంచి అదొగటే మాటన్నా" అంది రమణమ్మ. "తలుపుకు గడె ఏస్తే తియ్యమన్నట్ల చెయ్యి ఊపుతాడు. తీస్తే ఏడుస్తాడు. దొంగల భయమేమోనని గేటుకు కొత్త తాళం గూడ ఏపిచ్చినా. అయినా అదే మాట."

నేను కాదనే మాట ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. ఆమె గమనించినట్టుంది.

"ఇంట్లో మంచం మీద పెడితే గోడకల్లా తిరిగి పండుకుంటాడన్నా. ఈ షెడ్డులోకి తెస్తేనే రొండు ముద్దలు తింటాడు. మా తమ్ముడు దీన్ని పాత ఇనుముకు ఏసేద్దామంటాండాడు. బండి ఈడ్నుంచి పోతే ఈయప్ప యాడ కూర్చోవల్ల?"

"బాగుచేస్తే ఎవరు తోలుతారమ్మా?" అన్నాను.

"నేనే తోల్తా. తోటకు జీపు తోలేది నేనే గదా" అంది.

ఆమె గొంతులో ధైర్యముంది. కాలి బొటనవేలు మాత్రం నేల గీరుతోంది. భయపడుతూనే అడుగుతోందని తెలిసి ఒప్పుకున్నాను.

మళ్లీ విప్పడం

రమణమ్మకు తెలిసినంతవరకు మిగిలింది ఇంజిన్ ఒక్కటే. "బ్రేకుల పని అయిపోయినట్లేనని పడేదానికి ముందురోజు నాతో అన్న్యాడు" అంది. "అయిపోయినట్లే" అనే మాట నాకు నచ్చలేదు. చక్రాలు చివర్లో ఎలాగూ విప్పి చూస్తాను కదా అని ఇంజిన్ పట్టుకున్నాను.

ఇంజిన్ పై భాగాన్ని పట్టి ఉంచే బోల్టులను ముందు ఒక కొలతకు బిగించి, తర్వాత ఇంత కోణమని మళ్లీ విడతలుగా తిప్పాలి. చివరి విడత తిప్పారో లేదో పానా పెట్టి చూస్తే తెలియదు. అన్నీ గట్టిగానే ఉంటాయి. ఆ చివరి విడత తప్పితే బండి కొన్నాళ్లు బాగానే నడిచి, ఒక ఎండాకాలం నడిరోడ్డు మీద చేతులెత్తేస్తుంది. ఓబులరెడ్డి పూర్తిచేశాడా? కుర్చీ దగ్గరకు పోయి బోల్టు చూపించి అడిగాను. అతను తల ఊపాడు. ఔననా, కాదనా, నాకు తెలియలేదు. ఆ రోజుల్లో అతని తల ఊపుకు ఇంట్లోవాళ్లకే అర్థం తెలిసేది కాదు.

మొత్తం విప్పేశాను. కొత్త గ్యాస్కెట్టు, కొత్త బోల్టులు. తను బిగించినవి విప్పుతుంటే అతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన పనిని నమ్మలేదని అనుకున్నాడేమో. విప్పినప్పుడు అన్ని బోల్టులూ ఒకే బిగువుతో వచ్చాయి. అతని పని సరిగ్గానే ఉంది. ఆ సంగతి అతనికి చెప్పాను కూడా. అయినా మళ్లీ అలాంటి బండి వస్తే మళ్లీ విప్పుతాను. మీరూ విప్పండి. ఎవరి మనసు నొచ్చుకున్నా సరే.

కర్నూలు నుంచి బస్సులో వచ్చి, వాళ్లింటి ముందుగదిలో పడుకుని, కొన్ని రోజులు పని చేసి మళ్లీ పోయేవాణ్ణి. సామాను రావడం, రాకపోవడం, తప్పుది రావడం. నీళ్ల పంపు, గొట్టాలు, రేడియేటరు, అన్నీ కొత్తవి వేశాను. చలిదేశం కోసం చేసిన ప్లాస్టిక్ మన ఎండకు బిస్కెట్టులా విరుగుతుంది. పనిచేస్తున్నంతసేపూ వెనక నుంచి "గడె" అని వినిపిస్తూనే ఉండేది. కొన్నాళ్లకు అలవాటైపోయింది. అలవాటు కావడమే ప్రమాదమని అప్పుడు నాకు తోచలేదు.

ఒక్క రౌండు

ఇంజిన్ స్టార్టయిన రోజు రమణమ్మ తమ్ముడు ప్రతాప్ కూడా కడప నుంచి వచ్చాడు. మొదటిసారి తిప్పితే దగ్గింది. రెండోసారి పట్టుకుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్ నిదానంగా తిరుగుతుంటే ఆ శబ్దం మెత్తగా ఉంటుంది. షెడ్డు రేకులు కూడా అదరలేదు. పాత ఇనుముకు వేద్దామన్న ప్రతాప్ ముఖమే ముందు వెలిగింది. రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వేడి చూపే ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. మధ్యకు వచ్చి ఆగింది. అక్కడే నిలబడింది.

"అక్కా, ఒక్క రౌండు ఏసొస్తా. పులివెందల రోడ్డు దాకా పోయి తిప్పుకొస్తా" అంటూ ప్రతాప్ సీట్లో కూర్చున్నాడు.

"ఇంకా చక్రాలు విప్పి చూడలేదు బాబూ" అన్నాను.

"బావ బ్రేకులు ఎప్పుడో చేసిండాడు గదా మస్తాన్ భాయ్. పెడలు సూడు, గట్టిగా ఉండాది. ఒక్క రౌండుకు ఏమైతాది?"

పెడలు నిజంగానే గట్టిగా ఉంది. ఎన్నో నెలల తర్వాత ఆ ఇంట్లో అందరూ నవ్వుతున్న రోజు. బయటినుంచి వచ్చిన నేను ఆ నవ్వుకు అడ్డం పడాలి. మీకూ ఇలాంటి నిమిషం వస్తుంది. ఎవరూ చెడ్డవాళ్లు కారు, అందరూ సంతోషంగా ఉంటారు, మీ ఒక్కరికే భయం. నేను బండి తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అప్పుడు ఓబులరెడ్డి అరిచాడు. "గడె! గడె!" ఎడమ చేత్తో కుర్చీ చేయిని దబదబా బాదుతున్నాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. రమణమ్మ పరుగున పోయి షెడ్డు పక్క తలుపు మూసింది.

"గడె ఏసినాలేప్పా, ఏసినా. ఎవురూ రారు" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. బాదడం ఆపలేదు. నేను మొదటిసారి అతని నోటిని వదిలేసి కళ్లను చూశాను. అవి తలుపు వైపు లేవు. బండి వెనక ఎడమ చక్రం మీద ఉన్నాయి.

గడె అంటే తలుపు బోల్టు. అతనికి కావలసిన మాట బోల్టు.

కిటికీలోంచి చేయి పెట్టి ఇంజిన్ ఆపి, తాళం నా జేబులో వేసుకున్నాను. "దిగప్పా" అన్నాను ప్రతాప్‌తో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను దిగాడు.

జాకీ పెట్టి చక్రం ఊడదీశాను. బ్రేకు వేసినప్పుడు డిస్కును ఇరువైపులా నొక్కి పట్టుకునే ఇనుప పిడి ఉంటుంది, క్యాలిపర్ అంటారు. దాన్ని చక్రం ఇరుసుకు పట్టి ఉంచేవి రెండు బోల్టులు. పై బోల్టు లేదు, ఖాళీ రంధ్రం కనిపిస్తోంది. కింది బోల్టు రెండు మరలు మాత్రం ఎక్కి ఉంది. వేళ్లతో తిప్పితే చేతిలోకి వచ్చేసింది. రోడ్డెక్కి వేగం అందుకున్నాక బ్రేకు తొక్కితే ఆ పిడి ఊడి, చక్రంలో ఇరుక్కుని, ఉన్నపళంగా చక్రం బిగుసుకుపోయేది. తర్వాత బండి ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

ఆ బోల్టును తీసుకుపోయి ఓబులరెడ్డి ఎడమ చేతిలో పెట్టాను. "ఇదేనా రెడ్డీ, గడె?"

అతను దాన్ని గుప్పిట్లో మూసుకుని గుండెకు ఆనించుకున్నాడు. అరుపు ఆగిపోయింది. ఇన్ని నెలలూ అతను అందరికీ చెబుతూనే ఉన్నాడు. మేమే తలుపులు వేస్తూ, తీస్తూ ఉన్నాం.

ప్రతాప్ గోడకానుకుని కూర్చున్నాడు. "ఆ పొద్దు బావను ఆస్పత్రికి పంపినాక మోడం పట్టిండె" అన్నాడు మెల్లగా. "బండి బయటుండె, ఇప్పిన చక్రం దాని పక్కన పడిండె. వానకు తడుస్తాదని నేనే తగిలిచ్చి, కూలోళ్లతోటి బండిని షెడ్డులోకి నెట్టిచ్చినా. ఆ లోపల ఏముందో నాకేం తెలుసన్నా..."

"నీకెట్ల తెలుస్తాదిరా" అంది రమణమ్మ. తమ్ముడి పక్కనే కూర్చుని అతని భుజం మీద చేయి వేసింది.

గుప్పిలి, అరచేయి

ఆ తర్వాత ఆ బండి మీద నాకు ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. ఇంకెన్ని అలా ఉన్నాయి? రాత్రి వాళ్లు పెట్టిన సంగటి సగంలో వదిలి లేచాను. తెల్లారి ఓబులరెడ్డి కుర్చీని బండికి ఆనుకునేంత దగ్గరగా జరిపించాను.

"రెడ్డీ, నేనొక్కొక్కటి చేయి పెట్టి చూపిస్తా. నువ్వు బిగించినదైతే గుప్పిలి మూయి. వదిలేసినదైతే అరచేయి తెరువు. గుర్తు లేకపోతే చేయి ఒళ్లో పెట్టు" అన్నాను.

అతను మొదట నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. తర్వాత గుప్పిలి మూశాడు. అర్థమైందన్నమాట.

బండి ముందు నుంచి వెనక దాకా, పైనుంచి కింద దాకా అలా అడుగుతూ పోయాం. కిందికి దూరలేనిచోట ప్రతాప్ పడుకుని, అద్దంలో చూపించేవాడు. స్టీరింగు కీళ్లు, గుప్పిలి. ముందు బ్రేకులు, గుప్పిలి. వెనక కుడి వైపు, గుప్పిలి. బ్రేకు నూనె గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు ఒకదాని దగ్గర అరచేయి తెరుచుకుంది. అది నిజంగానే వదులుగా ఉంది. పెట్రోలు గొట్టం దగ్గర చేయి చాలాసేపు గాలిలో నిలిచి, చివరికి ఒళ్లో వాలింది. ఆ క్షణంలో అతని ముఖం చూసి నాకు చాలా బాధేసింది. తనకు గుర్తు లేదని ఒప్పుకోవడం అతనికి మాట పోవడం కంటే కష్టంగా ఉంది. ఆ గొట్టం మొత్తం మార్చేశాం.

గుప్పిలి మూసిన ప్రతిదాని మీదా నేను బిగువు కొలిచే టార్కు పానా పెట్టి చూశాను. అన్నీ సరిగ్గానే పలికాయి. ఒక్కటీ తప్పు పోలేదు. అయినా పెట్టాను. అతను కూడా ప్రతిసారీ పానా టిక్కుమనేదాకా వినేవాడు. నా మీద కోపం తెచ్చుకోలేదు. అతనే నా స్థానంలో ఉంటే అలాగే చేసేవాడు.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేదేమంటే, బండి యజమాని అడ్డదిడ్డంగా మాట్లాడినా వినండి. "ఏదో గరగరమంటాంది", "ఎందుకో మునుపటిలా లేదు" అంటారు. వాళ్లకు మన మాటలు రావు. రోజూ ఆ బండిలో కూర్చునేది మాత్రం వాళ్లే. లాప్‌టాప్ ఏ లోపమూ లేదన్నప్పుడు నేను ఆ మాటలనే పట్టుకుని పోయాను. చాలాసార్లు దారి అక్కడే దొరికింది.

గువ్వలచెరువు ఘాటు

ముందు నేనొక్కణ్ణే తీసుకుపోయాను. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. బ్రేకుల సంగతి అక్కడ తేలిపోతుంది. దిగుతుంటే సగంలో కాలిన వాసన ముక్కుకు తగిలింది. రోడ్డు వెడల్పున్నచోట ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూశాను. నాలుగూ ఒకే వేడి. వాసన నా ముందు పోయిన బండల లారీది. అక్కడే రోడ్డు పక్కన కాసేపు కూర్చుండిపోయాను. మళ్లీ ఎక్కాను, మళ్లీ దిగాను. అప్పుడు గానీ వాళ్లను తీసుకురాలేదు.

రమణమ్మ తోలింది. పక్కన ఓబులరెడ్డి, వెనక నేను. మొదటి మలుపు దగ్గర ఆమె, "కాళ్లు వణుకుతాండాయన్నా" అంది.

"వణకనీ. గేరు తగ్గించు. బ్రేకు మీద కాలు ఊరికే పెట్టి ఉంచొద్దు" అన్నాను. నా చేతులు ముందు సీటును ఎంత గట్టిగా పట్టుకున్నాయో ఆమె చూడలేదు.

లారీల వెనకే నిదానంగా దిగాం. ఆ బండి ఎంత వేగం పోగలదో ఆ రోజు మాకెవరికీ అక్కర్లేదు. కింద ఊళ్లో ఆపి పాలకోవా కొన్నాం. ఓబులరెడ్డి ఎడమ చేత్తో తింటూ, కిటికీ బయట పోయే బండ్లను చూస్తూ, గొంతులో ఏదో కూనిరాగం తీశాడు. రమణమ్మ స్టీరింగు మీద తల ఆనించి, నవ్విందో ఏడ్చిందో, కాసేపటిదాకా ఎత్తలేదు.

వచ్చే ముందు ఆమెకు చూసుకోవలసినవన్నీ నేర్పాను. చల్లగా ఉన్నప్పుడే నీళ్ల మట్టం చూడాలి. గొట్టాలను వేళ్లతో నొక్కి చూడాలి. నిలబెట్టిన చోట నేలమీద మరక పడిందేమో వంగి చూడాలి. ఆమె నేను ఊహించినదానికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది. కొన్నిటికి నేను కర్నూలు పోయాక ఫోనులో జవాబు చెప్పాను. రెడ్డి కూడా మెల్లమెల్లగా కొన్ని మాటలు కూడబలుక్కుంటున్నాడని, షెడ్డులో కూర్చుని ఆమె చేత పనులు చేయిస్తున్నాడని అప్పుడప్పుడు చెప్పేది.

ఎండలో

నేను పని మానేసిన తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం రమణమ్మ ఫోను చేసింది. భర్తను కడపలో డాక్టరుకు చూపించి తిరిగొస్తున్నారు. దారిలో వేడి ముల్లు ఉన్నట్టుండి ఎర్ర గీత దాకా లేచిందట. ముందు నుంచి ఆవిరి వస్తోందట. చుట్టుపక్కల ఇల్లు లేదు.

నేను కర్నూలులో మా ఇంట్లో కూర్చుని ఉన్నాను. చేయగలిగింది ఏమీ లేదు. ఇంజిన్ అలా కాగినప్పుడు కాస్త దూరం తోలినా చాలు, మేమంతా చేసిన పని వంగిపోతుంది. మూత తెరిస్తే మరిగే నీళ్లు ముఖం మీద చిమ్ముతాయి. కుర్చీలో మనిషి, ఆ ఎండ, ఆమె ఒక్కతే.

"మూత ముట్టుకోలేదు గదమ్మా?"

"ముట్టుకోలేదన్నా. ఒక ఆటో ఆయన నిలబడి, ఈయప్పను ఎక్కిచ్చుకోని నీడకు తీసకపోతాండాడు. నేను బండి కాడుండా. ప్రతాప్ కడప నుంచి బండి మోసే లారీని పిలిపిస్తాండాడు."

ఇంజిన్‌కు ఏమీ కాలేదని సాయంత్రానికి తేలింది. చిన్న ప్లాస్టిక్ గొట్టం పగిలింది, అంతే. కడపలో కుర్ర మెకానిక్ ఒకడు మార్చి ఇచ్చాడు. కానీ ఏమీ కాదని నాకు మధ్యాహ్నమే తెలిసిపోయింది. అడగడానికి భయపడుతూనే అడిగాను.

"ముల్లు లేచినాక ఎంత దూరం తోలినావమ్మా?"

"తోల్లేదన్నా" అంది. "సింతచెట్టు నీడ అంత దూరంలో అవుపడతానే ఉండె. దానికాడికి గూడ పోలా. ఎండలోనే ఆపేసినా."